సీసా మీది మొక్క చర్మానికి కాపలా కాస్తుందా? యాంటీఆక్సిడెంట్ సారాల అసలు లెక్క

గ్రీన్ టీ సారం, దానిమ్మ సారం, ద్రాక్ష గింజల సారం, పసుపు, అతిమధురం. ఈమధ్య ఏ సీరమ్ సీసా చేతిలోకి తీసుకున్నా, ఏ సన్‌స్క్రీన్ ట్యూబు తిప్పి చూసినా వీటిలో రెండు మూడు పేర్లు కనిపిస్తాయి. పక్కనే "యాంటీఆక్సిడెంట్ రక్షణ" అని ఉంటుంది. ఎండ నుంచి, పొగ నుంచి, చివరికి ఫోన్ వెలుగు నుంచి కూడా కాపాడతామని చెప్పేవీ ఉన్నాయి. మరోపక్క, ఇదంతా మార్కెటింగ్, మొక్కల సారాలు చర్మానికి చేసేదేమీ లేదని ఒక్కమాటలో కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు.

రెండు వాదనల్లోనూ కొంత నిజముంది కాబట్టే ఇంత గందరగోళం. మొక్కలోని పదార్థం ల్యాబులో బ్రహ్మాండంగా పనిచేయడం ఒక సంగతి. అది క్రీములో చెడకుండా నిలవడం ఇంకో సంగతి. చర్మంలోకి దిగడం, దిగాక ఎండ దెబ్బను నిజంగా తగ్గించడం మరో రెండు. ప్రకటనలు మొదటిదాన్ని చూపించి నాలుగోది రుజువైనట్టు మాట్లాడతాయి. కొట్టిపారేసేవాళ్లు మధ్యలో వచ్చే అడ్డంకులు చూపించి, ఏదీ చివరిదాకా చేరలేదంటారు. కొన్ని చేరాయి. ఏవి, ఎంతవరకు అన్నదే ఇక్కడ విడమర్చి చూడాల్సింది.

ఎండ దెబ్బ రెండు దారుల్లో వస్తుంది

రక్షణ దేని నుంచి అన్నది ముందు తేలాలి. సూర్యుడి నుంచి నేలకు చేరే అతినీలలోహిత కిరణాల్లో సుమారు 95 శాతం యూవీఏ, మిగిలింది యూవీబీ. యూవీబీ మోతాదులో కొంచెమే అయినా శక్తి ఎక్కువ. అది చర్మం పైభాగంలోని కణాల డీఎన్‌ఏను నేరుగా తాకి, వరుసలో పక్కపక్కనున్న రెండు అక్షరాలను ఒకదానికొకటి అతికించేస్తుంది. ఎండలో తిరిగొచ్చాక చర్మం ఎర్రగా కందిపోవడంలో ప్రధాన పాత్ర దీనిదే. ఈ దెబ్బ తగలడానికి మధ్యలో ఫ్రీ రాడికల్స్ అక్కర్లేదు. కాబట్టి ఈ దారి మూయాలంటే కిరణాన్నే ఆపాలి. ఇక్కడ యాంటీఆక్సిడెంట్ చేయగలిగింది చాలా తక్కువ.

రెండో దారి ముఖ్యంగా యూవీఏది. ఇది చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అనే ప్రొటీన్ ఉండే లోపలి పొర దాకా వెళ్తుంది. అక్కడి కణాల్లో కొన్ని పదార్థాలు ఈ శక్తిని పీల్చుకుని పక్కనున్న ఆక్సిజన్‌కు అందిస్తాయి. దాంతో సింగ్లెట్ ఆక్సిజన్, సూపర్ ఆక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్, అన్నిటికన్నా దుడుకైన హైడ్రాక్సిల్ రాడికల్ లాంటివి పుట్టుకొస్తాయి. వీటిలో జతలేని ఎలక్ట్రాన్ ఉన్నవాటిని ఫ్రీ రాడికల్స్ అంటారు. జత కోసం అవి పక్క అణువు నుంచి ఎలక్ట్రాన్ లాక్కుంటాయి. పోగొట్టుకున్న అణువు ఇప్పుడు తనే రాడికల్ అయి ఇంకో అణువు మీద పడుతుంది. కణం చుట్టూ ఉండే కొవ్వు పొరలో ఇది ఒకసారి మొదలైతే గొలుసులా సాగిపోతుంది. కణం కూడా ఊరుకోదు. ఈ అలజడికి స్పందనగా కొల్లాజెన్‌ను ముక్కలు చేసే ఎంజైములను ఎక్కువగా తయారుచేస్తుంది. ఏళ్ల తరబడి ఇదే జరిగితే ముడతలు పడతాయి, చర్మం సాగుతుంది, రంగు ఒకేలా ఉండదు.

ఆ గొలుసును తెంపే పదార్థమే యాంటీఆక్సిడెంట్. తన దగ్గరున్న ఎలక్ట్రాన్‌నో హైడ్రోజన్‌నో ఇచ్చేస్తుంది, ఇచ్చాక కూడా తాను పెద్దగా రెచ్చిపోకుండా నిలబడగలుగుతుంది. చర్మానికి సొంతంగానే ఇలాంటివి ఉన్నాయి: విటమిన్ సి, విటమిన్ ఇ, గ్లూటాథయోన్, యూరిక్ యాసిడ్, వీటికి తోడు కెటలేజ్ లాంటి ఎంజైములు. ఎండ తగిలినప్పుడల్లా ఈ నిల్వ కొంత ఖర్చవుతుంది. పైనుంచి పూసే సారాల వెనక ఆలోచన ఆ ఖర్చును పూడ్చడమే. ఆలోచనగా ఇందులో తప్పేమీ లేదు.

ఎండ నుంచి ఇంట్లోకి వచ్చాక కూడా

2015లో యేల్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు బయటపెట్టిన ఒక విషయం ఈ చర్చను మలుపు తిప్పింది. మెలనిన్ తయారుచేసే కణాల మీద యూవీఏ ప్రసరింపజేసి ఆపేశాక చూస్తే, డీఎన్‌ఏలో ఆ అతుకులు కొత్తగా పడుతూనే ఉన్నాయి. చీకట్లో, మూడు గంటలకు పైగా. యూవీ వల్ల పుట్టిన సూపర్ ఆక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్ కలిసి మెలనిన్ ముక్కలను అధిక శక్తి స్థితిలోకి నెడతాయి. ఆ శక్తి డీఎన్‌ఏకి బదిలీ అయి, కిరణం నేరుగా తగిలితే పడే అతుకులే వెలుగు లేకుండానే పడతాయి.

అంటే పైన విడివిడిగా చెప్పిన రెండు దారులూ ఇక్కడ కలుస్తున్నాయి. సన్‌స్క్రీన్ కిరణాన్ని ఆపగలదు కానీ, లోపలికి చేరిపోయిన కిరణం రాజేసిన రసాయన చర్యను ఆపలేదు. ఆ మూడు గంటల్లో యాంటీఆక్సిడెంట్‌కు పనుందని అనుకోవడానికి ఇది గట్టి ఆధారం. యాంటీఆక్సిడెంట్లను సమర్థించేవాళ్ల చేతిలో ఉన్న అతి బలమైన వాదన ఇదేనని నా అభిప్రాయం. అయితే ఇది కణాల్లో, ఎలుకల్లో తేలిన విషయం. ఫలానా మొక్క సారం మనిషి చర్మంలో దీన్ని ఆపుతుందనడానికి ఇదొక్కటే చాలదు.

మొక్కల్లో ఇవి ఎందుకుంటాయి

మొక్క నీడకు పారిపోలేదు. రోజంతా ఎండలో నిలబడుతూనే, అదే వెలుగుతో ఆహారం తయారుచేసుకోవాలి. అందుకే తనను తాను కాపాడుకునే రసాయనాలను ఆకుల్లో, తొక్కల్లో, గింజల్లో దాచుకుంటుంది. చర్మ సంరక్షణలో వాడేవి చాలావరకు పాలీఫినాల్స్ కుటుంబానివి: గ్రీన్ టీలో ఈజీసీజీ, ద్రాక్షలో రెస్వెరట్రాల్, దానిమ్మలో ప్యూనికలాజిన్, పసుపులో కర్క్యుమిన్, ధాన్యపు గింజల తవుడులో ఫెరూలిక్ యాసిడ్. కెరటినాయిడ్లు మరో కుటుంబం.

ఇక్కడ ఒక తేడా గట్టిగా పట్టుకోవాలి. సారం వేరు, సారంలోంచి విడదీసిన శుద్ధ పదార్థం వేరు. "ఫెరూలిక్ యాసిడ్ 0.5 శాతం" అంటే అందరికీ ఒకటే అర్థం. "గ్రీన్ టీ సారం" అంటే అలా కాదు. ఆకు ఎప్పుడు కోశారు, నీళ్లలో తీశారా, ఆల్కహాల్‌లోనా, గ్లిజరిన్‌లోనా, ఎంత చిక్కగా తీశారు అన్నదాన్ని బట్టి ఒకే పేరున్న రెండు సారాల్లో ఈజీసీజీ పదింతలు తేడా ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు. కొన్ని కంపెనీలు ఇందులో ఇంత శాతం పాలీఫినాల్స్ ఉన్నాయని కొలిచి చెప్పే సారాలు వాడతాయి. చాలా సీసాల మీద మాత్రం ఆ సమాచారం ఉండదు. ఒక పరిశోధనలో గ్రీన్ టీ పనిచేసిందంటే గ్రీన్ టీ పేరున్న ప్రతి క్రీమూ పనిచేస్తుందనడం ఇక్కడే తేలిపోతుంది.

పనిచేసే తీరులోనూ రెండు రకాలున్నాయి. ఈజీసీజీ లాంటివి స్వయంగా ఎలక్ట్రాన్ ఇచ్చి రాడికల్‌ను చల్లారుస్తాయి. ఒకసారి ఇస్తే వాటి పని అయిపోయినట్టే. బ్రకోలీ మొలకల్లోని సల్ఫొరఫేన్ దారి వేరు. అది కణంలోని ఎన్ఆర్ఎఫ్2 అనే ప్రొటీన్‌ను మేల్కొలుపుతుంది. ఆ ప్రొటీన్ కణం సొంత రక్షణ ఎంజైములను ఎక్కువగా తయారుచేయిస్తుంది. సల్ఫొరఫేన్ పోయినా ఆ ఎంజైములు కొన్ని రోజులు పనిచేస్తూనే ఉంటాయి.

ఊదారంగు పోతే రుజువైనట్టేనా?

"విటమిన్ సి కన్నా ఇన్ని రెట్లు శక్తిమంతమైన యాంటీఆక్సిడెంట్" అనే మాట ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. డీపీపీహెచ్ అనేది ముదురు ఊదారంగు పదార్థం, చాలాసేపు స్థిరంగా ఉండగలిగే ఒక రాడికల్. దాన్ని ఆల్కహాల్‌లో కరిగించి గాజు గొట్టంలో పోస్తారు. సారం కొద్దిగా కలిపి అరగంట చీకట్లో ఉంచుతారు. సారం ఎలక్ట్రాన్లు ఇస్తే ఊదారంగు విరిగి లేత పసుపుకు తిరుగుతుంది. 517 నానోమీటర్ల దగ్గర ఆ ద్రావణం వెలుగును ఎంత పీలుస్తుందో కొలిచి, రంగు ఎంత తగ్గిందో లెక్కేస్తారు. చవకైన, తేలికైన, కళ్లకు కట్టినట్టు కనిపించే పరీక్ష. అందుకే మొక్కల సారాల మీద వచ్చే పరిశోధనా వ్యాసాల్లో ఇది లేనిది అరుదు.

ఇందులో చర్మం లేదు, కొవ్వు పొర లేదు, ఎంజైములు లేవు, ఎండ లేదు. డీపీపీహెచ్ మన ఒంట్లో ఎక్కడా ఉండదు. ఈ పరీక్ష చెప్పేది ఒక్కటే: ఈ సారంలో ఎలక్ట్రాన్ ఇవ్వగల పదార్థాలున్నాయి. సారాలను తొలివడపోత చేయడానికి అది సరిపోతుంది. అంతకుమించి దాన్నుంచి రాబట్టడం అన్యాయం. ఇదే కోవకు చెందిన, యాంటీఆక్సిడెంట్ శక్తిని అంకెలో చెప్పే ఓర్యాక్ అనే ల్యాబు కొలతల సంగతి కూడా ఇంతే. అమెరికా వ్యవసాయ శాఖ ఆహార పదార్థాల ఓర్యాక్ పట్టికను ఏళ్లపాటు నిర్వహించి 2012లో తీసేసింది. ఆ అంకెలకు, శరీరంలో జరిగే మేలుకు సంబంధం రుజువు కాలేదని, కంపెనీలు వాటిని ప్రచారానికి వాడుకుంటున్నాయని కారణం చెప్పింది.

గాజు పాత్రల్లో పెంచిన కణాల మీద చేసే ప్రయోగాలు ఇంతకన్నా నయం, కానీ వాటిలోనూ ఒక మెలిక ఉంది. ఈజీసీజీ లాంటి పాలీఫినాల్స్‌ను కణాలు పెరిగే ద్రవంలో కలిపితే, అవి అక్కడి ఆక్సిజన్‌తో చర్య జరిపి తామే హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తాయి. కణాల్లో కనిపించిన మార్పు సారం వల్ల వచ్చిందా, దాన్నుంచి పుట్టిన పెరాక్సైడ్ వల్లా అన్నది విడిగా చూడకపోతే ఫలితం తప్పుదారి పట్టిస్తుంది. ఇనుము, రాగి అయాన్లు అందుబాటులో ఉన్నప్పుడు ఇదే పాలీఫినాల్ ఆక్సీకరణను పెంచే పదార్థంగా మారుతుంది. యాంటీఆక్సిడెంట్ అన్నది ఒక పదార్థానికి ఎప్పటికీ అంటిపెట్టుకుని ఉండే గుణం కాదు. పరిస్థితిని బట్టి, మోతాదును బట్టి మారే ప్రవర్తన.

చర్మం లోపలికి దారి ఇరుకు

చర్మం ఉన్నదే బయటివాటిని రానివ్వకుండా ఆపడానికి. అన్నిటికన్నా పైనుండే మృతకణాల పొర చాలాచోట్ల 10 నుంచి 20 మైక్రోమీటర్ల మందమే అయినా, కొవ్వులతో గట్టిగా అల్లుకుని ఉంటుంది. మందుల పరిశోధనలో 2000 నుంచి వాడుకలో ఉన్న ఒక స్థూల నియమం ప్రకారం అణుభారం 500 డాల్టన్లు దాటిన పదార్థం ఆరోగ్యకరమైన చర్మంలోకి దిగడం కష్టం. ఆ గీటురాయి మీద చూస్తే ఫెరూలిక్ యాసిడ్ 194, రెస్వెరట్రాల్ 228, కర్క్యుమిన్ 368, ఈజీసీజీ 458. ఇవన్నీ గీతకు ఇవతలే. దానిమ్మలోని ప్యూనికలాజిన్ మాత్రం 1,000 దాటుతుంది. ద్రాక్ష గింజల్లోని పెద్ద టానిన్లదీ అదే పరిస్థితి.

బరువొక్కటే కాదు. నీళ్లలో మాత్రమే కరిగేవి కొవ్వు పొర దగ్గరే ఆగిపోతాయి. విటమిన్ సి బరువు 176 మాత్రమే, అయినా మామూలుగా పూస్తే లోపలికి వెళ్లదు. పీహెచ్ 3.5 కన్నా తక్కువ ఉంటేనే బాగా దిగుతుందని, 20 శాతం దాటితే లాభం పెరగదని, లోపలికి చేరినదాంట్లో సగం తగ్గడానికి సుమారు 4 రోజులు పడుతుందని 2001లో పంది చర్మం మీద చేసిన పరిశోధనలో తేలింది. ఇంత వివరంగా లెక్క తేలిన పదార్థాలు తక్కువ. మొక్కల సారాల్లో చాలావాటికి ఇలాంటి లెక్కే లేదు.

దిగకపోతే దండగేనా అంటే పూర్తిగా కాదు. చర్మం పైనుండే జిడ్డులోని కొవ్వులు కూడా ఎండకు, పొగకు ఆక్సీకరణ చెందుతాయి. పైపొర మీదే నిలిచిపోయిన సారం అక్కడ కొంత పని చేయొచ్చు. కానీ కొల్లాజెన్‌ను కాపాడుతుందని చెప్పాలంటే కొల్లాజెన్ ఉన్నచోటికి చేరిందని చూపించాలి.

సీసాలోనే అయిపోయే శక్తి

కోసిన ఆపిల్ ముక్క గోధుమరంగుకు తిరగడం అందరూ చూసిందే. అందులోని పాలీఫినాల్స్ గాలిలోని ఆక్సిజన్‌తో చర్య జరపడమే దానికి కారణం. మూత తీస్తూ పెడుతూ ఉండే సీరమ్‌లో కూడా ఎంజైముల సాయం లేకుండా, నెమ్మదిగా, ఇదే కోవ ఆక్సీకరణ నడుస్తుంది. ఎలక్ట్రాన్లు తేలిగ్గా ఇచ్చే గుణమే యాంటీఆక్సిడెంట్ బలం. ఆ గుణం వల్లే అది చర్మం దాకా రాకముందే గాలికి, వెలుగుకు, లోహపు అయాన్లకు ఎలక్ట్రాన్లు ఇచ్చేసి చల్లబడిపోతుంది. ఈ రంగంలో పనిచేసే ఫార్ములా నిపుణులకు రోజూ ఉండే టెన్షన్ ఇదే.

కర్క్యుమిన్ దీనికి మంచి ఉదాహరణ. శరీర ఉష్ణోగ్రత దగ్గర, పీహెచ్ 7.2 ఉన్న ద్రావణంలో ఉంచితే అరగంటలో దాదాపు 90 శాతం విచ్ఛిన్నమైపోయిందని 1997లోనే చూపించారు. రెస్వెరట్రాల్ అతినీలలోహిత కాంతి తగిలితే రూపం మార్చుకుంటుంది. ఎండలో కాపాడాల్సినది ఎండకే మారిపోతోందన్నమాట. ముదురురంగు సీసాలు, గాలి చొరబడని పంపులు, లోహపు అయాన్లను కట్టిపడేసే పదార్థాలు, సారాన్ని సూక్ష్మమైన గోళీల్లో బంధించడం లాంటి ఏర్పాట్లన్నీ అందుకే.

2 శాతం అంటే నిజంగా ఎంత?

ఒక లెక్క వేద్దాం. 50 గ్రాముల క్రీము డబ్బా మీద "2 శాతం గ్రీన్ టీ సారం" అని రాసి ఉందనుకుందాం. రెండు శాతమంటే ఒక గ్రాము సారం. సారం చాలాసార్లు పొడిగా కాకుండా గ్లిజరిన్‌లోనో గ్లైకాల్‌లోనో కరిగించిన ద్రవంగా వస్తుంది. అందులో అసలు ఆకు నుంచి వచ్చిన ఘనపదార్థం 1 శాతమే అనుకుంటే, ఆ గ్రాములో ఉన్నది 10 మిల్లీగ్రాములు. అందులో సగం పాలీఫినాల్స్ అని ఉదారంగా అనుకుంటే 5 మిల్లీగ్రాములు. మొహానికి ఒక్కో విడతకు గ్రాము క్రీము వాడితే డబ్బా 50 సార్లు వస్తుంది. అంటే ఒక్కసారి పూసుకున్నప్పుడు మొహమంతా కలిపి 0.1 మిల్లీగ్రాము.

ఇప్పుడు అదే 2 శాతం ద్రవం కాకుండా, 90 శాతం పాలీఫినాల్స్ ఉన్న పొడి అనుకోండి. ఒక్క విడతకు 18 మిల్లీగ్రాములు. లేబుల్ మీద మాట ఒకటే, చర్మం మీద తేడా 180 రెట్లు. అంకె రాసినంత మాత్రాన మోతాదు తెలిసినట్టు కాదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

అసలు శాతమే రాయని చోట పదార్థాల జాబితా కొంత ఆధారమిస్తుంది. చాలా దేశాల నిబంధనల ప్రకారం పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలి. 1 శాతం కన్నా తక్కువ ఉన్నవాటిని మాత్రం ఏ వరుసలోనైనా రాసుకోవచ్చు. ఫినాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివ్‌కు యూరప్‌లో గరిష్ఠ పరిమితి 1 శాతం. ఆ నిబంధన కింద తయారైన సీసాలో ఫినాక్సీఇథనాల్ తర్వాత పది మొక్కల పేర్లు కనిపిస్తే, ఆ పదింటిలో ఏదీ 1 శాతం దాటలేదని అర్థం. ఫెరూలిక్ యాసిడ్ లాంటి శుద్ధ పదార్థం అర శాతంతోనే పనిచేయగలదు కాబట్టి తక్కువ ఉంటే వృథా అని తీర్మానించలేం. పలచని సారమైతే మాత్రం ఆ స్థానంలో ఉన్నప్పుడు పేరుకే మిగులుతుంది.

మనుషుల మీద, చర్మం మీద తేలినవి

2001లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో గ్రీన్ టీ పాలీఫినాల్స్‌ను మనుషుల చర్మం మీద పూసి, తర్వాత కృత్రిమ సూర్యకాంతి తగిలించారు. పూసిన చోట ఎర్రదనం తగ్గింది. కాలిన కణాలు తగ్గాయి, రోగనిరోధక కణాలు ఎక్కువగా బతికాయి, డీఎన్‌ఏ నష్టం కూడా తగ్గింది. సారంలోని అన్ని పదార్థాలూ సమానంగా పనిచేయలేదు. ఈజీసీజీ, ఈసీజీ అనే రెండే బాగా పనిచేశాయి. ప్రయోగంలో వాడినవి గాఢమైన తాజా ద్రావణాలు, నెలల తరబడి నిల్వ ఉన్న క్రీములు కావు.

ఫెరూలిక్ యాసిడ్ ఫలితం 2005 నాటిది. 15 శాతం విటమిన్ సి, 1 శాతం విటమిన్ ఇ కలిపిన ద్రావణం పంది చర్మానికి నాలుగు రెట్ల రక్షణ ఇస్తే, అందులో 0.5 శాతం ఫెరూలిక్ యాసిడ్ చేర్చినప్పుడు అది సుమారు ఎనిమిది రెట్లకు చేరింది. ఫెరూలిక్ యాసిడ్ ఆ విటమిన్లను స్థిరంగా కూడా ఉంచింది. ఇవాళ మార్కెట్‌లో ఉన్న సి, ఇ, ఫెరూలిక్ సీరమ్‌లన్నిటికీ మూలం ఈ పరిశోధనే. ఇక్కడ గెలిచింది మొక్క నుంచి విడదీసిన ఒకే పదార్థం, కచ్చితమైన మోతాదులో, సరైన తోడుతో.

2007లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు బ్రకోలీ మొలకల సారాన్ని ఆరుగురి చర్మం మీద పరీక్షించారు. యూవీ వల్ల వచ్చే ఎర్రదనం సగటున 37.7 శాతం తగ్గింది. కానీ ఒకరికి 8 శాతం, ఇంకొకరికి 78 శాతం. ఆ సారం కిరణాన్ని ఆపలేదు, కణాల సొంత రక్షణను పెంచింది. సగటు కన్నా మనిషికీ మనిషికీ ఉన్న ఆ తేడాయే నాకు ముఖ్యంగా అనిపిస్తుంది. ఒకరికి పనిచేసింది ఇంకొకరికి అంతంతమాత్రంగా ఎందుకుంటుందన్న ప్రశ్నకు కొంత జవాబు అందులో ఉంది. మధ్య, దక్షిణ అమెరికాల్లో పెరిగే పాలీపోడియం అనే ఫెర్న్ సారాన్ని నోటి ద్వారా ఇచ్చి 2004లో చేసిన చిన్న పరీక్షలోనూ ఎండకు కందడం తగ్గింది.

ఇవన్నీ ఒకవైపు. మరోవైపు, 2011లో అమ్మకంలో ఉన్న యాంటీఆక్సిడెంట్ సన్‌స్క్రీన్లను తెచ్చి చర్మంలో రాడికల్స్ ఎంత తగ్గుతున్నాయో కొలిచారు. తగ్గిన మాట నిజమే. కానీ ఆ తగ్గుదల దాదాపుగా సన్‌స్క్రీన్‌లోని కిరణాలను ఆపే ఫిల్టర్ల వల్ల వచ్చిందే. యాంటీఆక్సిడెంట్ల వాటా నామమాత్రం. పదార్థం పనిచేస్తుందన్న పరిశోధనలు, సరుకు పనిచేయలేదన్న పరిశోధన ఒకదాన్నొకటి ఖండించుకోవడం లేదు. మోతాదు, నిల్వ, లోపలికి దిగడం అనే మూడు అడ్డంకులు ఆ రెండింటి మధ్య ఉన్నాయి.

ఎర్రదనం తగ్గితే రక్షణ ఉన్నట్టేనా?

నిపుణుల మధ్య అసలైన వాదన ఇక్కడుంది. సన్‌స్క్రీన్ మీద రాసే రక్షణ అంకె ఎస్‌పీఎఫ్‌ను కొలిచేది ఎర్రదనంతోనే. ఐఎస్‌ఓ 24444 అనే అంతర్జాతీయ ప్రమాణ పద్ధతి ప్రకారం చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల సన్‌స్క్రీన్ పూసి, చర్మం ఎర్రబడటానికి ఎంత యూవీ పట్టిందో చూస్తారు. ఏమీ పూయని చర్మం కన్నా 30 రెట్లు ఎక్కువ పడితే ఎస్‌పీఎఫ్ 30.

ఇప్పుడు ఒక ఊహాజనిత ఉదాహరణ. ఒక క్రీములోని ఫిల్టర్లు నిజంగా ఆపగలిగింది ఎస్‌పీఎఫ్ 20 అంత. అంటే 5 శాతం కిరణాలు లోపలికి వెళ్తాయి. అందులో మంటను, వాపును తగ్గించే మొక్కల సారం కలిపారు. దాంతో ఎర్రదనం కనిపించడానికి ఒకటిన్నర రెట్లు ఎక్కువ మోతాదు కావాల్సొచ్చింది. పరీక్షలో ఎస్‌పీఎఫ్ 30 అని తేలుతుంది. కొన్నవాళ్లు 3.3 శాతమే లోపలికి వెళ్తోందనుకుంటారు. వెళ్తున్నది మాత్రం 5 శాతమే. పైగా చర్మం కందడం అనేది ఇక చాలు, నీడలోకి పద అని ఒళ్లు ఇచ్చే హెచ్చరిక. ఆ హెచ్చరిక ఆలస్యమవుతుంది. అతిమధురం సారం, బిసబొలాల్ లాంటి ఉపశమన పదార్థాల విషయంలో విమర్శకులు ఎత్తిచూపేది దీన్నే.

అవతలివాళ్ల జవాబు తేలిగ్గా తీసేయాల్సింది కాదు. కందిన తర్వాత వచ్చే మంట, వాపు ఉత్త హెచ్చరికలే కాదు, వాటివల్ల కూడా చర్మానికి నష్టం జరుగుతుంది, కాబట్టి వాటిని తగ్గించడం కూడా రక్షణే అంటారు. గ్రీన్ టీ పరీక్షలో ఎర్రదనంతో పాటు డీఎన్‌ఏ నష్టం కూడా తగ్గింది కదా అని చూపిస్తారు. నిజమే. అందుకే ఒక్కో సారం విషయంలో అడగాల్సింది ఎర్రదనం తగ్గిందా అని మాత్రమే కాదు, లోపలి నష్టం కూడా దానితో పాటు తగ్గిందా అని. మనిషి చర్మం ఎర్రబడటంతో పనిలేకుండా, ప్లేటు మీద పూసి ఎంత కిరణం దాటిందో కొలిచే ఐఎస్‌ఓ 23675 అనే పద్ధతి 2024లో ప్రమాణంగా వచ్చింది. పాత పద్ధతి అంకె, కొత్త పద్ధతి అంకె పక్కపక్కన పెడితే ఏ క్రీములో ఫిల్టర్ల పని ఎంతో, ఎర్రదనాన్ని కప్పిపెట్టిన సారం పని ఎంతో కొంతవరకు బయటపడొచ్చు.

రాస్ప్‌బెర్రీ గింజల నూనెకు ఎస్‌పీఎఫ్ 28 నుంచి 50 దాకా ఉందన్న ప్రచారం మాత్రం ఈ వాదనల స్థాయికి కూడా రాదు. 2000లో వచ్చిన ఒక ల్యాబు పరిశోధనలో ఆ నూనె ఏ కిరణాలను ఎంత పీలుస్తుందో కొలిచి, సన్‌స్క్రీన్లలో ఫిల్టర్‌గా వాడే టైటానియం డయాక్సైడ్‌తో పోల్చారు. మనుషుల చర్మం మీద ఎస్‌పీఎఫ్ కొలవలేదు. ఆ పోలికే చేతులు మారి అంకెగా స్థిరపడిపోయింది. దాన్ని నమ్మి నూనె రాసుకుని ఎండలో కూర్చున్నవాళ్లకు దక్కేది కాలిన చర్మమే.

మొక్క అయినంత మాత్రాన మేలు చేయదు

నిమ్మజాతి తొక్కల్లో, సెలరీలో, అంజూర పాలలో ఫ్యూరనోకౌమరిన్లు ఉంటాయి. అవి చర్మం మీద ఉండగా యూవీఏ తగిలితే బొబ్బలు లేస్తాయి, తర్వాత నెలల తరబడి నల్లటి మరకలు మిగులుతాయి. బెర్గమాట్ నూనె కలిపిన సెంట్లు రాసుకున్నవాళ్ల మెడ మీద ఇలాంటి చారలు రావడం వైద్యులు ఒకప్పుడు తరచూ చూసేవాళ్లు. ఇప్పుడు ఆ పదార్థాన్ని తీసేసిన నూనెలు వాడుతున్నారు. సువాసననిచ్చే లిమొనీన్, లినలూల్ తాజాగా ఉన్నప్పుడు పెద్దగా ఇబ్బంది పెట్టవు. గాలి తగిలి ఆక్సీకరణ చెందాకే ఎలర్జీ కలిగించే పదార్థాలుగా మారతాయి. యాంటీఆక్సిడెంట్ల పేరుతో అమ్మే సీసాలోనే ఈ నూనెలూ ఉండటం మామూలే.

ఏళ్ల తరబడి చూసిన పరీక్ష ఏం చెప్పింది

ఆస్ట్రేలియాలోని నాంబోర్ పట్టణంలో 1992లో 1,621 మందితో మొదలైన పరీక్ష ఈ రంగంలో అరుదైనది. కొందరికి రోజూ సన్‌స్క్రీన్ పూసుకోమన్నారు, కొందరిని వాళ్ల ఇష్టానికి వదిలేశారు. దానితో పాటే కొందరికి రోజూ 30 మిల్లీగ్రాముల బీటా కెరటిన్ మాత్ర ఇచ్చారు, మిగతావాళ్లకు ఉత్త మాత్ర. క్యారెట్‌కు రంగునిచ్చే ఆ బీటా కెరటిన్ అప్పట్లో యాంటీఆక్సిడెంట్లలో పెద్ద పేరున్నది. నాలుగున్నరేళ్ల తర్వాత చూస్తే, రోజూ సన్‌స్క్రీన్ పూసుకున్నవాళ్లలో స్క్వామస్ రకం చర్మ క్యాన్సర్ గడ్డలు సుమారు 40 శాతం తగ్గాయి. 2013లో వెలువడిన విశ్లేషణలో వాళ్ల చర్మం ముదరడం 24 శాతం తక్కువగా తేలింది. బీటా కెరటిన్ వల్ల రెండింటిలోనూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

అది మింగే మాత్ర, పూసే సారం కాదు. కాబట్టి గ్రీన్ టీ సీరమ్ మీద తీర్పుగా దీన్ని వాడలేం. పైన చెప్పిన గ్రీన్ టీ, బ్రకోలీ, ఫెర్న్ ప్రయోగాలు కొద్దిమంది మీద, కొద్ది రోజులపాటు చేసినవన్న సంగతినీ దాటేయలేం. ఇక సన్‌స్క్రీన్లు చాలావరకు ఆపలేని కనిపించే కాంతి ఉంది. ముదురు రంగు చర్మంలో మచ్చలు నల్లబడటానికి అదీ కారణమని తేలడంతో, యాంటీఆక్సిడెంట్లకు అక్కడ కొత్తగా పని దొరకొచ్చన్న ఆశతో పరిశోధనలు నడుస్తున్నాయి. అక్కడైనా, ఇక్కడైనా ప్రశ్న తేలాలంటే రెండు గుంపులకూ ఒకే సన్‌స్క్రీన్ ఇచ్చి, ఒక గుంపుకు మాత్రమే మోతాదు తెలిసిన సారం కలిపి, ఏళ్లపాటు చూడాలి. నాంబోర్‌లో సిలికాన్‌తో చేతి వెనక చర్మం అచ్చు తీసి, మొదట్లో తీసిన అచ్చుతో పోల్చారు. సారాలకూ అదే కొలత పెట్టొచ్చు.